బంగారం పక్కన

వరుస వరుస కిందా వానపాము పాకినట్టు ఎర్ర గీత. పైనుంచి కిందికి జరిపినా, కిందనుంచి పైకి జరిపినా అదే. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన ప్రోగ్రామే, తన చేత్తో రాసిందే, ఏళ్ళ తరబడి ఎన్నో మేడల్లో లిఫ్టుల తలుపులు తీస్తూ వేస్తూ ఉన్నదే. ప్రోగ్రాములు రాసుకునే ఈ కొత్త ఎడిటర్ కంటికి మాత్రం మొదటి అక్షరం నుంచీ తప్పుల తడకలా కనిపిస్తోంది. ఫలానా ఫైలు దొరకలేదు, ఫలానా పేరు నాకు తెలియదు, అని చెప్పిందే చెబుతోంది, కొత్తగా కాపురానికి వచ్చి అత్తగారి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలియని కోడల్లా. పెద్దల్లుడు ల్యాప్‌టాప్ మూత కాస్త ముందుకు వంచాడు. పూర్తిగా మూయలేదు, పక్కవాడి కంట పడనంత మాత్రమే. పక్కవాడు చిన్నల్లుడు. ఇద్దరికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుగా రెండు రెక్కల తలుపు. దాని అవతల ఎక్కడో ఇద్దరికీ పిల్లనిచ్చిన మామగారు, ఎడమ భుజం కింద చిన్న గాటు పెట్టించుకుని, లయ తప్పిన గుండెను దారిలో పెట్టే పేస్‌మేకర్‌ని లోపల అమర్చించుకుంటున్నారు. గంట పడుతుందన్నారు. అత్తగారికి పొద్దుటినుంచీ ఏమీ గొంతు దిగలేదని, ఏదో ఒకటి తినిపిస్తామని కూతుళ్ళిద్దరూ ఆవిణ్ణి కింది అంతస్తుకు తీసుకెళ్ళారు. తోడల్లుళ్ళిద్దరూ మిగిలారు. మాట్లాడుకోవడానికి ఏమీ లేనివాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడంలో ఆసుపత్రులని మించినవి లేవు.

ఈ పని ఇక్కడికి తెచ్చుకోవలసింది కాదు. భార్య కారులోనే అంది, "నాన్నకి ఆపరేషన్ అయితే మీకు ఆ పెట్టె ఎందుకండీ?" అని. ఎందుకో చెబితే పెద్ద కథ. అతను పనిచేసే కంపెనీ లిఫ్టు తలుపుల్ని నడిపే బోర్డులు తయారుచేస్తుంది. తలుపు ఎంత వేగంగా మూసుకోవాలి, మధ్యలో చెయ్యో కాలో అడ్డొస్తే ఎంతలో ఆగాలి, ఎంత వెనక్కి తగ్గాలి, ఇదంతా అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ పలక మీది చిప్పుకి నేర్పేవాడు అతనే. నేర్పడానికి ఇన్నాళ్ళూ ఒక పాత సాఫ్ట్‌వేర్ ఉండేది. అది సర్దిపెట్టిన ఇల్లు. ఉప్పెక్కడో పప్పెక్కడో చీకట్లో కూడా చెయ్యి తనంతట తానే వెళ్ళేది. ఆఫీసువాళ్ళు దాన్ని తీసేసి, లోకమంతా వాడుతోందని ఈ కొత్త ఎడిటర్ తెచ్చారు. ఇది ఖాళీ గది. కావలసిన సామానంతా ఎక్స్‌టెన్షన్లనే పేరుతో విడివిడిగా తెచ్చుకోవాలి. ఒక్కోదానికీ సెట్టింగ్స్ రాసి, రాసిందాన్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ ఫలానా చోట ఉంది తల్లీ, ఫైళ్ళు ఫలానా ఫోల్డర్లో ఉన్నాయి తల్లీ, చిప్పు పేరు ఇదీ అని పేరుపేరునా చెప్పుకోవాలి. కుర్రవాళ్ళంతా చెప్పేసుకున్నారు. అతనొక్కడే మిగిలాడు. రేపు పొద్దున్న అందరి ముందూ ఇందులోంచి బోర్డు నడిపి చూపించాలి. చూపించలేనివాళ్ళని పాత లిఫ్టుల ఫిర్యాదులు చూసే విభాగానికి పంపేస్తారని కాఫీ యంత్రం దగ్గర గుసగుస. ఎవరూ అతని పేరు అనలేదు. అతను రాగానే మాట మార్చారు, అంతే.

అదైనా ఓర్చుకునేవాడు. పుండు మీద కారం చల్లినట్టు, తెలియనివాళ్ళు చదువుకోండని కుర్ర టీమ్ లీడర్ ఇంటర్నెట్‌లోంచి ఒక పేజీ పంపాడు. ఏ ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోవాలి, ఏ సెట్టింగ్ ఎందుకు, ఏది రాయకపోతే ఏం జరుగుతుంది, అన్నీ అన్నం కలిపి నోట్లో పెట్టినట్టు రాసి ఉన్నాయి. అడుగున రాసినవాడి పేరుంది. ఆ పేరు చూడగానే పెద్దల్లుడికి చెవులు వేడెక్కాయి. "ఈయనెవరో గానీ దేవుడు సార్, ఈ ఎడిటర్ని మన పనికి సర్దుకోవడం మీద ఇంత బాగా రాసినవాళ్ళు లేరు" అన్నాడు లీడర్. "ఆహా" అన్నాడు పెద్దల్లుడు. ఆ దేవుడు మా అత్తగారింట్లో నా పక్కన కూర్చునే భోంచేస్తాడు అని అనలేదు. అనివుంటే ఆఫీసులో కాసింత మర్యాద దక్కేదేమో. కానీ ఆ మర్యాద కూడా వాడి పుణ్యమే అయ్యేది కదా. ఇప్పుడు ఆ పేజీ ఎడిటర్ వెనకాల దాక్కుని ఉంది. చదవాలంటే వేలు కదిపి ముందుకు తెచ్చుకోవడం, ఒక ముక్క చదవగానే మళ్ళీ వెనక్కి తోసేయడం. పరీక్షలో పక్కవాడి జవాబు చూసి రాసేవాడికైనా ఇంత అవస్థ ఉండదు. అక్కడ పక్కవాడు చూడకుండా ఉంటే చాలు, ఇక్కడ చదువుతున్నది తన రాతేనని రాసినవాడికి తెలియకూడదు. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే నిమిషంలో తేలిపోతుంది. ఆ ఒక్క మాటే గొంతులో చేపముల్లులా అడ్డంపడి కూర్చుంది.

పేజీలో చెప్పినట్టే కంపైలర్ ఎక్కడుందో రాశాడు. ఎడిటర్ ఒప్పుకోలేదు. చివర కామా మరిచిపోయాడు, ఒక్క కామా లేకపోతే రాసిందంతా చెల్లదట. కామా పెట్టాడు. కంపైలర్ ఉన్న చోటికి దారి రాసేటప్పుడు ఏటవాలు గీతలు ఒక్కొక్కటి చాలవట, రెండేసి పెట్టాలట. పెట్టాడు. మూసి మళ్ళీ తెరిచాడు. గీతలు ఒక్క క్షణం మాయమయ్యాయి, అతని ప్రాణం లేచివచ్చింది, ఆ వెంటనే మళ్ళీ వరసగా పాక్కుంటూ వచ్చేశాయి. అవతల చిన్నల్లుడు కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, తలుపు వైపే చూస్తున్నాడు. కుడి మోకాలు అదే పనిగా ఊగుతోంది. వీడు చెడ్డవాడై ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు పెద్దల్లుడు. గర్విష్ఠి అయినా, పిసినారి అయినా, కనీసం గురకపెట్టేవాడైనా, ఏదో ఒకటి పట్టుకుని హాయిగా తిట్టుకునేవాడు. ఏమీ లేదు. పిల్లలకి లెక్కలు చెబుతాడు, తిన్న పళ్ళెం తనే కడుగుతాడు, "అన్నయ్యా" అని నోరారా పిలుస్తాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. అత్తగారు వాడికి బంగారం అని పేరు పెట్టారు. బంగారం వచ్చాడా, బంగారం తిన్నాడా, బంగారానికి దిండు వేశారా. మరి ముందునుంచీ ఉన్నవాడు ఏమిటి, ఇత్తడా? ఒకసారి భార్యతో అననే అన్నాడు. ఆవిడ నవ్వి, "ఇత్తడి మాత్రం ఏం తక్కువండీ, తోమితే అదీ మెరుస్తుంది" అంది. ఆ రాత్రంతా మాట్లాడలేదు ఆవిడతో. ఎందుకు మాట్లాడలేదో ఆవిడకి తెలియనుకూడా తెలియదు.

పదేళ్ళపాటు ఆ ఇంటికి ఒక్కడే అల్లుడు. మామగారిది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. వీధిలోకి తెరుచుకునే ఒకటే గది, గోడకి బెల్టులు, రేకు డబ్బాల్లో సూదులు, బాబిన్లు, ఎప్పుడూ మిషన్ నూనె వాసన. పనిబల్ల పక్కన ఒక ఎత్తుపీట. దాని మీద కూర్చునే హక్కు పెద్దల్లుడిది. కొత్తల్లో ఒకసారి మామగారు, దారం తెంపుతున్న మిషనొకటి ముందుపెట్టి, స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నారు. సూది దిగే వేళకీ కింద కొక్కెం తిరిగే వేళకీ వెంట్రుకవాసి తేడా. అతను పట్టేశాడు. ఆయన తలూపి, "మీ చేతికి చెవులున్నాయి అల్లుడుగారూ" అన్నారు. అంతకన్నా గొప్ప మాట తన గురించి ఎవరూ అనలేదు, ఇప్పటిదాకా. తరవాత ఆ ఇంట్లో చెడిన ప్రతి వస్తువూ అతని చేతిమీదుగానే బాగుపడింది. నీళ్ళ మోటారు, ఇస్త్రీపెట్టె, అత్తగారి చెవి మిషను, అన్నీ. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. మరదలికి పెళ్ళయి చిన్నల్లుడు వచ్చిన మొదటి నెలలోనే, ఒకరోజు ఇతను దుకాణంలోకి వెళ్ళేసరికి ఎత్తుపీట మీద వాడున్నాడు. ఇతన్ని చూసి గభాల్న లేచాడు కూడా. "కూర్చో కూర్చో, పరవాలేదు" అన్నాడు ఇతనే. అన్నాక మామగారు కూడా "కూర్చో నాన్నా, అల్లుడుగారికి కుర్చీ వేయిస్తాను" అన్నారు. కుర్చీ వేయించారు. మంచి కుర్చీయే, చేతులున్నది. గుమ్మం పక్కన వేశారు.

చూశారా ఆ మాటలు, ఒకే వాక్యంలో వాడికి 'నాన్నా', ఇతనికి 'అల్లుడుగారూ'. పదహారేళ్ళుగా ఆయన నోట ఇతను 'మీరు'. రండి, కూర్చోండి, తిన్నారా. పెద్దల్లుడంటే మర్యాద ఇవ్వాలి మరి. ఆ మర్యాద చూసి మొదట్లో పొంగిపోయేవాడు, స్నేహితులతో చెప్పుకునేవాడు. తరవాత వచ్చినవాడు మొదటి నెలలోనే 'నువ్వు' అయ్యాడు, ఆరు నెలలు తిరక్కుండా 'ఒరేయ్' కూడా అయ్యాడు. ఒకసారి దుకాణంలో ఏదో నట్టు కింద పడితే మామగారు "ఒరేయ్, కాలు తియ్యరా" అన్నారు వాడితో. ఆ మాట పెద్దల్లుడు విన్నాడు. తన జీవితంలో తనని ఎవరూ తిట్టలేదని బాధపడిన రోజు అదొక్కటే. మీరు అనేది కూడా ఒక తలుపేనేమో. ఎంత మెత్తగా వేసినా, వేసిన తలుపు తలుపే.

తలుపంటే గుర్తొచ్చింది, గుర్తురాకుండా ఎప్పుడుంది గనక. మరదలి కొడుకు పుట్టినరోజు. ఇంటినిండా జనం. ఎవరో పెద్దాయన మామగారిని అడిగాడు, అల్లుళ్ళేం చేస్తుంటారని. మామగారు మంచి ఊపులో ఉన్నారు. "చిన్నవాడు మనుషుల ప్రాణాలు నిలబెట్టే యంత్రాలకి ప్రోగ్రాములు రాస్తాడండీ. గుండెకి పెట్టేవి, ఊపిరికి పెట్టేవి" అన్నారు. "మరి పెద్దాయనో?" "పెద్దల్లుడుగారా? తలుపులు తీస్తారు, తలుపులు వేస్తారు!" ఇల్లంతా గొల్లుమంది. ఇతనూ నవ్వాడు, అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వనివాడు ఒక్క చిన్నల్లుడే. పైగా, "అది తేలికేం కాదు మామయ్యా, చాలా జాగ్రత్తగా చెయ్యాలి" అన్నాడు. ఆ మాటతో ఇల్లు చల్లబడింది. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఇతని సంగతి తిరగబడింది, తోడల్లుడు నవ్వనందుకు ఏడుపొచ్చింది. జాలి చూపించే చోటికి చేరుకున్నాడన్నమాట వీడు. పక్కవాడి మీద జాలిపడాలంటే పక్కవాడికన్నా ఒక మెట్టు పైన నిలబడాలి కదా.

సరే, పని. ఈసారి పేజీలో చెప్పిన రెండో సెట్టింగ్ చూశాడు. ఎడిటర్ తనకి దగ్గర్లో కనపడ్డ కంపైలర్‌ని పట్టుకుంటుంది, ల్యాప్‌టాప్ కోసం ఉన్నదాన్ని, చిప్పు కోసం ఉన్నదాన్ని కాదు, కాబట్టి స్పష్టంగా చెప్పండి అని ఉంది. చెప్పాడు కదా! మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మూసి తెరిచాడు. ల్యాప్‌టాప్‌కి తీగతో తగిలించిన బోర్డు ఒడిలో వేడెక్కి ఉంది. దాని మీద చిన్న దీపం వెలుగుతోంది గానీ మిణకడం లేదు. మిణికితే ప్రోగ్రాం నడుస్తున్నట్టు. ఈ బోర్డు వల్ల పొద్దున్న గుమ్మం దగ్గర పెద్ద రభస అయింది. సంచిలోంచి తీగలు వేలాడుతూ కనపడేసరికి కాపలావాడు ఆపేశాడు, ఇదేమిటి, లోపల యంత్రాలకి అడ్డం రాదా అని. పెద్దల్లుడు ఏదో చెప్పబోయాడు. లిఫ్టు తలుపు అన్నాడు, చిప్పు అన్నాడు. కాపలావాడి మొహంలో అనుమానం ఇంకో అంగుళం పెరిగింది. చిన్నల్లుడు వచ్చి మెడలోని తన కంపెనీ కార్డు చూపించి, "దీనివల్ల ఏ ఇబ్బందీ లేదండీ, పూచీ నాది" అన్నాడు. కాపలావాడు దారి వదిలాడు. పెద్దల్లుడి బోర్డుకి కూడా వాడి పూచీయే కావలసి వచ్చింది. పైన డాక్టరు కూడా అంతే. ఇద్దరికీ నమస్కారం పెట్టి మొదలుపెట్టిన మనిషి, చిన్నల్లుడు ఎక్కడ పనిచేస్తాడో తెలియగానే కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఆ తరవాత ఇద్దరూ బ్యాటరీల గురించీ తీగల గురించీ మాట్లాడుకుంటుంటే పెద్దల్లుడు తలూపుతూ నిలబడ్డాడు. పోనీ తెలియని సంగతులా? సగం అతనికీ తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

అన్నిటికన్నా లోపలికి దిగింది మాత్రం స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పటి మాట. మామగారు పళ్ళసెట్టు తీసేసి ఉన్నారు, కళ్ళజోడు అత్తగారి చేతిలో ఉంది, మనిషి ఒక్కసారిగా సగమైపోయినట్టున్నారు. చిన్నల్లుడి చెయ్యి పట్టుకుని, "బంగారం, లోపల పెట్టే దానికి ప్రోగ్రాం రాసింది నీలాంటివాళ్ళేగా?" అని అడిగారు. వాడు "అవును మామయ్యా" అన్నాడు. ఆయన "అయితే సరే" అనుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు. తరవాత పెద్దల్లుడి వైపు తిరిగి, "మీరు శ్రమపడి వచ్చారు, ఆఫీసు పని పోతుందేమో" అన్నారు. శ్రమ! పదహారేళ్ళ తరవాత కూడా వచ్చినందుకు థాంక్స్ చెప్పించుకునే చుట్టమే తను.

"అన్నయ్యా, కాఫీ తేనా?"

ఉలిక్కిపడి మూత ఇంకాస్త వంచాడు. చిన్నల్లుడు లేచి నిలబడి ఉన్నాడు, నిలబడితే తెర కనపడుతుంది. కనపడింది కూడా. వాడి కళ్ళు ఒక్క క్షణం ఎర్ర గీతల మీద ఆగి, పక్కనున్న ఫోల్డర్ల వరస మీదికి వెళ్ళి, అక్కడ ఇంకో క్షణం ఆగాయి. ఏదో తెలిసినవాడి కళ్ళు అవి. పెద్దల్లుడికి ఆ చూపు బాగా తెలుసు, తను కుట్టుమిషన్ ముందు అలాగే చూసేవాడు. 

"వద్దు. ఇప్పుడే తాగాను."

అబద్ధం. నోరు ఎండిపోతోంది. వాడు వెళ్ళి రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఖాళీ కుర్చీ మీద పెట్టి, మళ్ళీ తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. చెప్పచ్చు కదా వెధవ! తెలిసి కూడా చెప్పడం లేదంటే ఏమనుకోవాలి? చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాడా? అంటే మళ్ళీ జాలేనా? పోనీ చెప్పేస్తే ఊరుకునేవాడా తను, నేర్పడానికి బయల్దేరాడని మండిపడేవాడు కాదూ? చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. కొత్త ఒక వింత పాత ఒక రోత అంటారు. పాతవాడి రోతేమిటో పాతవాడికే తెలుసు. ఆఫీసులో అదే, అత్తగారింట్లో అదే. కాఫీ చల్లారుతోంది. అతను చూడనట్టు ఊరుకుని, ఊరుకుని, చివరికి తాగేశాడు.

"లోపలికి తీసుకెళ్ళి చాలాసేపయింది కదన్నయ్యా?"

"గంట అన్నారుగా. ఇంకా కాలేదు."

"అవుననుకోండి." వాడి మోకాలు ఊగుతూనే ఉంది. కప్పు పట్టుకున్న చెయ్యి కూడా వణుకుతోంది. పెద్దల్లుడు అప్పుడు చూశాడు సరిగ్గా. వాడి పెదవులు పాలిపోయి ఉన్నాయి. "మామయ్య అడిగినప్పుడు అవునన్నాను గానీ... మాలాంటివాళ్ళే రాస్తారన్నయ్యా. అదే నా భయం. నాకు తెలుసు మేమెలా రాస్తామో. పరీక్షలు చేస్తాం, ఒకటికి పదిసార్లు చేస్తాం. అయినా ఎప్పుడో ఒకప్పుడు, ఎవడో ఒకడు, నిద్ర చాలక ఒక అంకె మార్చి ఉంటాడు. ఆ డబ్బా మా కంపెనీది కూడా కాదు, ఎవరిదో. ఇందాకట్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో." గొంతు తగ్గించాడు. "మీరేదో చేసుకుంటున్నారు. పక్కన కూర్చుని చూడనా? చూస్తానంతే. ఏదో ఒకటి చూడకపోతే పిచ్చెక్కేలా ఉంది."

 పెద్దల్లుడికి మొదట తోచింది సిగ్గుపడాల్సిన సంగతే. భయపడడంలో కూడా వీడికే హక్కెక్కువ అనుకున్నాడు. మామగారి కోసం తను భయపడుతున్నది అందరూ భయపడే భయమే, డాక్టర్లున్నారు చూసుకుంటారు అనే రకం. వీడిది లోపలి సంగతి ఎరిగినవాడి భయం, మేలిరకం. దాని మీద కూడా అసూయ పుట్టిందంటే ఈ రోగానికి మందు లేదు. అయినా చెయ్యి దానంతటది ఖాళీ కుర్చీ మీది కప్పు తీసేసింది. "రా" అన్నాడు.

వాడు జరిగి పక్కన కూర్చున్నాడు. తెర చూశాడు. పెద్దల్లుడి వేలు కంగారులో తప్పుడు చోట తగిలి, వెనకాల దాక్కున్న పేజీ ముందుకొచ్చి నిలబడింది, నిలువెత్తున, అడుగున పేరుతో సహా.  చిన్నల్లుడి మొహం చెవులదాకా ఎర్రబడింది. "ఇది... ఇది నేను రాసిందే."

"తెలుసు. ఆఫీసులో అందరం ఇదే చదువుతున్నాం. నువ్వు దేవుడివట."

"అయ్యో." నిజంగానే ఇబ్బంది పడిపోయాడు. "మరి నాతో ఒక్క మాట..." అని మధ్యలోనే ఆపేశాడు. ఎందుకు అడగలేదో వాడికి అర్థమైందనీ, అర్థమైనట్టు కనపడకూడదని వాడు తంటాలు పడుతున్నాడనీ పెద్దల్లుడికి అర్థమైంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గొంతులో ముల్లు కదిలింది.

"నువ్వు చెప్పినట్టే రాశాను, అక్షరం పొల్లుపోకుండా. గీతలు పోయినట్టే పోయి మళ్ళీ వస్తున్నాయి. నీ పేజీలోనే ఏదో లోటుంది."

కసికొద్దీ అన్న మాట అది. వాడు మాత్రం నుదురు రుద్దుకుంటూ శ్రద్ధగా విన్నాడు. "ఈ ఫోల్డర్ మీరు మొదలుపెట్టిందా, ఎవరి దగ్గర్నుంచైనా తెచ్చుకున్నదా?"

లీడర్ దగ్గర్నుంచి కాపీ చేసుకున్నది. అడగ్గానే వెలిగింది పెద్దల్లుడికి. వాడు ఇంకో మాట అనేలోపే ఫోల్డర్ తెరిచాడు. చుక్కతో మొదలయ్యే చిన్న ఫోల్డర్ ఒకటి లోపల నక్కి ఉంది. దానిలో ఇంకో సెట్టింగ్స్ ఫైలు, దానిలో లీడర్ ల్యాప్‌టాప్ దారులన్నీ. ఇందాకట్నుంచి తను రాస్తున్నది మొత్తం ఎడిటర్‌కి వర్తించే చోట. ఆ ఫోల్డర్ వరకూ మాత్రం ఫోల్డర్లో ఉన్న మాటే చెల్లుతోంది. ఇతను పైన ఎంత అరిచినా లోపలివాడు ఆ కేకని తొక్కేస్తున్నాడు. లీడర్ దారులు చెరిపేసి తనవి రాశాడు. కామా సరిచూశాడు. మూసి తెరిచాడు. గీతలు ఒక్కొక్కటే కరిగిపోయాయి, ఈసారి తిరిగి రాలేదు. ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కించాడు. మొదటి వరస దగ్గర పసుపుపచ్చ బాణం వచ్చి ఆగింది. నడవమని నొక్కాడు. ఒడిలో చిన్న దీపం మిణకడం మొదలుపెట్టింది.

"వచ్చేసింది! చూశారా అన్నయ్యా, వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టినంత పనిచేశాడు చిన్నల్లుడు. ఎదురు వరసలో కునుకుతున్న ముసలామె కళ్ళు తెరిచి చూసింది. "ఈ సంగతి నేను రాయనే లేదు. పెద్ద లోటే అది. రాత్రికి కలుపుతాను. మీరు చెప్పారని రాస్తాను." తప్పు ఒప్పుకోవడానికి వాడికి అర క్షణం పట్టలేదు. దేవుడి పేజీలో లోటు పట్టుకున్నానన్న ఆనందం ఎండలో తిరిగొచ్చినవాడి గొంతులో చన్నీళ్ళలా దిగాల్సింది. ఒక్క గుక్క దిగింది కూడా. తరవాత వాడి మొహం చూశాడు, పక్కవాడి బోర్డు వెలిగినందుకు అంతలా వెలుగుతున్న ఆ మొహం. సంతోషించడం కూడా వీడికే బాగా వచ్చు. పదేళ్ళు తపస్సు చేసినా తనకి రాదు ఈ విద్య.

రెండు రెక్కల తలుపు తెరుచుకుంది. నర్సు మాస్కు కిందికి లాగి, "అయిపోయిందండీ, బాగానే ఉన్నారు. మత్తుగా ఉంది. ఎవరైనా ఒక్కరే వచ్చి చూడండి, రెండు నిమిషాలు" అంది. ఇద్దరూ లేచారు. చిన్నల్లుడు ఒక అడుగు వేసి ఆగాడు. "మీరు వెళ్ళండన్నయ్యా. పెద్దవారు." ఆయన చూడాలనుకునేది నిన్నేరా, నువ్వే వెళ్ళు, అనాలి. ఆ మాట నాలుక చివర ఉంది కూడా. పెద్దల్లుడు దాన్ని అక్కడే ఆపి, ల్యాప్‌టాపూ బోర్డూ వాడి చేతిలో పెట్టి, లోపలికి నడిచాడు. మర్యాదకి కాదు, ప్రేమకీ కాదు. ఈ ఒక్కసారైనా వాడికన్నా ముందు తను చూడాలని.

తలకి టోపీ, మొహానికి మాస్కు, ఒంటికి పైనుంచి కిందిదాకా నీలం గౌను వేశారు. పరదా పక్కకి జరిపితే మామగారు. భుజం దగ్గర తెల్లటి కట్టు, తల పక్కన తెర మీద ఆకుపచ్చ గీత ఒక్కటే లేస్తూ దిగుతూ నిదానంగా నడుస్తోంది. దగ్గరికి వెళ్ళి మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచారు. కళ్ళజోడు లేని కళ్ళు ఇతని మొహం మీద తచ్చాడి, మాస్కు మీద జారి, ఎక్కడో నిలిచాయి.

"వచ్చావా" అన్నారు.

వచ్చారా అనలేదు. వచ్చావా అన్నారు.  ఆయన చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి ఇతని వేళ్ళు అందుకుంది. నూనెతో అరిగిపోయిన వేళ్ళు, ఎంత గట్టిగా పట్టుకున్నాయో. "బంగారం, అది పనిచేస్తుందంటావా? నిజం చెప్పరా."

ఆ క్షణంలో మాస్కు కిందికి లాగచ్చు. నేను మామయ్యా, పెద్దల్లుణ్ణి, అనచ్చు. అంటే ఆయన చెయ్యి సడలుతుంది, మీరా అంటారు, శ్రమపడ్డారు అంటారు. ప్రశ్న మాత్రం ఆయన కళ్ళలోనే ఉండిపోతుంది, ఎందుకంటే అది తలుపులవాణ్ణి అడిగే ప్రశ్న కాదు. ఆ 'రా' ఇంకా చెవిలో మోగుతోంది. పదహారేళ్ళు ఎదురుచూసిన అక్షరం, ఇంకొకడి పేరు మీద వచ్చి చేతిలో పడింది. దొంగసొమ్మని తెలుసు. వదలబుద్ధి కాలేదు. బయట వాడి చేతుల వణుకు గుర్తొచ్చింది. వాడే వచ్చుంటే ఈ వేళ్ళలో ఆ వణుకు తెలిసిపోయేది ఈయనకి, చేతికి చెవులున్న మనిషి. తన చెయ్యి వణకడం లేదు. ఎందుకు వణకడం లేదో తనకే తెలియలేదు.

"పనిచేస్తుంది మామయ్యా" అన్నాడు మాస్కులోంచి, గొంతు తగ్గించి, వాడిలాగా. "నేను చూశాగా. భయం లేదు."

"నువ్వు చెబితే సరే" అన్నారాయన. కళ్ళు మూసుకున్నారు. ఆయన నిద్రలోకి జారేదాకా, నర్సు వచ్చి ఇక చాలండీ అనేదాకా, పెద్దల్లుడు ఆ చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు.

బయటికి వచ్చేసరికి చిన్నల్లుడు తలుపుకి ఎదురుగానే నిలబడి ఉన్నాడు, కిందనుంచి ఆడవాళ్ళింకా రాలేదు. "ఎలా ఉన్నారు? ఏమైనా మాట్లాడారా?"

టోపీ తీస్తూ ఒక్క క్షణం ఆగాడు. నన్నే అడిగారు, నాతోనే మాట్లాడారు అంటే చాలు. కాదనేవాళ్ళు లేరు, రేపటికి ఆయనకే గుర్తుండదు.

"నిన్నే అడిగారు. అది పనిచేస్తుందా అని."

"మరి మీరేం చెప్పారు?"

"నేనేం చెప్పలేదు. నువ్వే చెప్పావు, చేస్తుందని. విని నిద్రపోయారు."

వాడికి కాసేపు అర్థం కాలేదు. తరవాత ఇతని చేతిలోని టోపీ వైపూ, మెడ కింద వేలాడుతున్న మాస్కు వైపూ చూశాడు, అర్థమైంది. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"నా పేరు మీద అబద్ధం చెప్పారా అన్నయ్యా?"

"అబద్ధమో కాదో నాకెలా తెలుస్తుంది? తెలిసినవాడివి నువ్వు. చెప్పు."

చిన్నల్లుడు మూసుకున్న ఆ రెండు రెక్కల తలుపు వైపు చూశాడు.  చేతిలోని బోర్డు మీద దీపం ఇంకా మిణుకుతోంది.

"చేస్తుంది" అన్నాడు. గొంతు సవరించుకుని, ఈసారి పెద్దల్లుడి కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అన్నాడు, "చేస్తుందన్నయ్యా."